బాట వేసే చేతులు

పాఠ్య పరిచయం

బాటసారిని గురించి, బాట పొడవునా అతడు పడిన శ్రమను గురించి సాహిత్యం విస్తారంగా చెప్పింది. బాట వేసినవారిని గురించి చెప్పింది తక్కువ. నగరాలలో ఉద్యోగాలు చేసుకొనే సామాన్యులు సెలవు దినాలలో పలుగూ పారా చేతబట్టి కొండదారులు నిర్మించడం నేర్చుకొనే ఒక సంప్రదాయం అమెరికాలో నూరేళ్ళుగా కొనసాగుతున్నది. దారి వేయడంతో పాటు దారి తెలుసుకోవడం కూడా ఆ శిక్షణలో భాగమే. స్వచ్ఛంద సేవకు సదుద్దేశం ఒక్కటే చాలదనీ, దానికి తగిన విద్య కూడా అవసరమనీ విద్యార్థులు గ్రహించాలన్నది ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన పూర్వులు మనిషి పేరును నిలబెట్టేవాటిని సప్తసంతానాలన్నారు. చెరువు తవ్వించడం, తోట వేయించడం, గుడి కట్టించడం వాటిలో ఉన్నాయి. బాట వేయించడం ఆ ఏడింటిలో లేదు. అయినా బాటల వెంట మర్రిచెట్లు నాటించాననీ, బావులు తవ్వించాననీ అశోక చక్రవర్తి తన శాసనాలలో ప్రత్యేకంగా చెప్పుకొన్నాడు. తిరుమల కొండకు అలిపిరి నుండి నడిచి వెళ్ళే భక్తులు 3,550 మెట్లు ఎక్కుతారు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసపడనివారు అరుదు. ఆ ఆయాసం జ్ఞాపకముంటుంది గాని, ఏటవాలుగా జారే కొండ ఒడిలో ఆ రాళ్ళను కదలకుండా కూర్చినవారెవరన్న ఆలోచన ఎక్కేవారిలో కొందరికే కలుగుతుంది. మంచి బాట లక్షణమే అది. అది తన వంకకు దృష్టిని మరల్చుకోదు. బాట చెడిపోయినప్పుడే దానిని వేయడం ఒక విద్య అని లోకానికి తెలుస్తుంది.

ఒక కొండ కథ

న్యూయార్క్ నగరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, హడ్సన్ నది పడమటి ఒడ్డున బేర్ మౌంటెన్ అనే కొండ ఉంది. ఎత్తు దాదాపు 1,300 అడుగులు. మన శేషాచలం కొండలతో పోలిస్తే చిన్నదే. అయితే కాలిబాటల చరిత్రలో దానిది పెద్ద స్థానం.

1920లో న్యూయార్క్ పరిసరాలలోని నడక సంఘాలవారు ఒక్కచోట చేరి న్యూయార్క్–న్యూజెర్సీ ట్రయిల్ కాన్ఫరెన్స్ అనే సంస్థను ఏర్పరచుకొన్నారు. పత్రికా రచయిత రేమండ్ టోరీ దాని స్థాపకులలో ముఖ్యుడు. ఆ మరుసటి సంవత్సరమే బెంటన్ మెకాయ్ అనే అటవీ శాస్త్రజ్ఞుడు ఒక వాస్తుశిల్ప పత్రికలో ఒక ప్రతిపాదన ప్రకటించాడు. అమెరికా తూర్పు ప్రాంతంలో ఉత్తర దక్షిణాలుగా వ్యాపించిన అపలేచియన్ పర్వతశ్రేణి పొడవునా ఒకే కాలిబాట వేయాలన్నది ఆ ప్రతిపాదన. 1921 ఏప్రిల్‌లో అతనికి భార్యావియోగం కలిగింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆ వ్యాసం వెలువడింది. యంత్రాల రొదలో అలసిన నగరవాసికి కొండలలో ఊపిరి పీల్చుకొనే చోటు కావాలని అతడు తలచాడు.

కల కన్నవాడు మెకాయ్ అయితే, దానిని నేలమీద కొలిచినవాడు మైరన్ ఏవరీ అనే న్యాయవాది. దూరం కొలిచే చక్రాన్ని ముందుకు తోసుకొంటూ అతడు కొండల వెంట నడిచాడు. ఊరూరా స్వచ్ఛంద సంఘాలను కూడగట్టాడు. పర్వత శిఖరాల వెంట మోటారు రోడ్లు వేయడంపై ఆ ఇద్దరికీ 1930వ దశకంలో తీవ్రమైన అభిప్రాయభేదం వచ్చింది. కలలోని స్వచ్ఛత చెడకూడదన్నది ఒకరి పట్టుదల. బాట ముందు పూర్తి కావాలన్నది రెండవవారి పట్టుదల. వారి స్నేహం చెదిరింది గాని బాట ఆగలేదు. 1923లో బేర్ మౌంటెన్ ప్రాంతంలో తొలి భాగం ప్రారంభమైంది. 1937లో చివరి భాగం పూర్తయింది. జార్జియా రాష్ట్రం నుండి మెయిన్ రాష్ట్రం దాకా 14 రాష్ట్రాల మీదుగా సాగే ఆ అపలేచియన్ కాలిబాట పొడవు నేడు సుమారు 3,500 కిలోమీటర్లు. 1968లో అమెరికా ప్రభుత్వం చట్టం ద్వారా దానికి జాతీయ కాలిబాట హోదా ఇచ్చింది. అయినా దాని నిర్వహణ భారంలో అధిక భాగం ఈనాటికీ స్వచ్ఛంద సేవకుల భుజాలమీదనే ఉంది.

ప్రేమ తెచ్చిన చేటు

తొలి భాగం ఏ కొండపై మొదలైందో ఆ కొండపైనే ఒక చిక్కు వచ్చిపడింది. మహానగరానికి చేరువలో ఉండడం వల్ల బేర్ మౌంటెన్‌కు జనం తండోపతండాలుగా వచ్చేవారు. పాతకాలపు బాట చాలాచోట్ల కొండవాలు వెంట నిటారుగా పైకి పోయేది. వర్షం కురిసినప్పుడు ఆ బాటే వాగయ్యేది. పైమన్ను కొట్టుకుపోయి రాళ్ళూ వేళ్ళూ తేలేవి. నడిచేవారు ఆ రాళ్ళు తప్పించుకోవడానికి పక్కన ఉన్న పచ్చికలో అడుగుపెట్టేవారు. కొన్నాళ్ళకు ఆ పక్క కూడా అరిగిపోయేది. ఈ విధంగా ఒక మనిషి నడిచే సన్నని దోవ, కొండ ఒంటిమీద వెడల్పాటి గాయంగా మారింది. కొండను చెడగొట్టినవారు దాని శత్రువులు కారు, దానిని ప్రేమించినవారే.

2006లో ఆ బాటను తిరిగి నిర్మించే పని మొదలైంది. వచ్చిన స్వచ్ఛంద సేవకులలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విశ్రాంత ఉద్యోగులు, విద్యార్థులు ఉన్నారు. ఉత్సాహం అందరికీ ఉంది, రాయి కొట్టడం మాత్రం చాలామందికి రాదు. అందువల్ల పనితోపాటు పాఠశాల కూడా కొండమీదనే వెలసింది. గ్రానైటు బండను చీల్చడం, చీల్చిన రాతిని ఇనుప తాళ్ళతో గాలిలో వేలాడదీసి తరలించడం, సున్నమూ సిమెంటూ లేకుండా రాతిగోడ పేర్చడం నిపుణులు నేర్పారు. ఒక్కొక్కటి వందల కిలోగ్రాముల బరువుండే వెయ్యికి పైగా గ్రానైటు మెట్లు ఆ కొండపై కుదురుకొన్నాయి. ఆ పని పుష్కరకాలం సాగింది. కాన్ఫరెన్స్ నేటికీ ఇటువంటి శిక్షణ తరగతులు నడుపుతున్నది. దాని సేవకుల సంరక్షణలో రెండు వేల మైళ్ళకు పైబడిన బాటలున్నాయి.

నీటిని చదవడం

బాట వేసే విద్యలో మొదటి పాఠం పారతో మొదలుకాదు. వాన పాఠంతో మొదలవుతుంది. కొండపై పడిన నీరు అన్నిటికంటె దగ్గరి దారిలో కిందికి దిగాలని చూస్తుంది. బాట ఆ దారిలోనే ఉంటే నీరు దానిని కాలువగా వాడుకొంటుంది. కాబట్టి బాటను వాలుకు అడ్డంగా, కొండ నడుము చుట్టూ మొలత్రాడు చుట్టినట్లు నడపాలి.

దీనికొక లెక్క ఉంది. బాట ఎక్కుడు కొండవాలులో సగానికి మించరాదు. కొండ ప్రతి 100 అడుగుల దూరానికి 30 అడుగులు లేస్తున్నదనుకొంటే, బాట 15 అడుగులకు మించి లేవకూడదు. మించితే నీరు బాటను దాటిపోక, బాట వెంటనే పరుగెత్తుతుంది. మొత్తంమీద సగటు ఎక్కుడు నూటికి పది దాటకుండా చూసుకోవడం మరొక నియమం. బాట వెలుపలి అంచు లోపలి అంచుకంటె కొద్దిగా, అంటే నూటికి అయిదు పాళ్ళు, పల్లంగా ఉండాలి. అప్పుడు నీరు పలుచని పొరగా బాటపై నుండి జారి కిందికి పోతుంది. వీటన్నిటికీ తోడు, ఎక్కుతున్న బాటను మధ్యమధ్య కొద్ది అడుగుల మేర దింపి మళ్ళీ ఎక్కిస్తారు. నడిచేవానికి ఆ పల్లం తెలియనే తెలియదు. నీటికి మాత్రం అక్కడ ప్రయాణం ముగుస్తుంది.

బాటను కొండవాలులోకి తొలిచి, పూర్తిగా గట్టినేలపై నిలపాలని కూడా శిక్షకులు నొక్కి చెబుతారు. తవ్విన మన్నును అంచున పోసి దానినే బాటగా చేస్తే పని సగమే. అయితే ఆ మన్ను ఒకటి రెండు వర్షాలకు జారిపోతుంది. పని తగ్గించుకొన్నవాని ఫలం తరువాత నడిచేవాడు అనుభవిస్తాడు.

పనిముట్లు, క్రమశిక్షణ

ఒకవైపు గొడ్డలి, మరొకవైపు నేల తవ్వే అడ్డపలక కలిగిన పనిముట్టు బాటల పనిలో ముఖ్యమైనది. దాని పేరు పులాస్కీ. 1910 ఆగస్టులో ఇడాహో రాష్ట్రంలో చెలరేగిన మహా దావానలంలో తన వెంట ఉన్న పనివారిని గని సొరంగంలోకి నడిపించి, వారిలో చాలామంది ప్రాణాలు కాపాడిన అటవీ ఉద్యోగి ఎడ్వర్డ్ పులాస్కీ పేరే దానికి వచ్చింది. దీనికి తోడు గునపాలు, రంపాలు, సమ్మెటలు, మన్నును లాగి చదునుచేసే పళ్ళ పారలు ఉంటాయి.

పనిముట్టు ఎలా వాడాలన్నదానికి ముందు, దానిని ఎలా మోయాలో నేర్పుతారు. పదునైన పనిముట్టును భుజాన వేసుకోరాదు. కొండవాలు పల్లం వైపు చేతిలో వేలాడదీసి పట్టుకోవాలి. కాలు జారితే దానిని పల్లంలోకి విసరివేయవచ్చు. ఇద్దరు పనివారి మధ్య పనిముట్టు అందనంత ఎడం ఉండాలి. పనిచేసేవాని వెనుకగా పోవలసివస్తే ముందు పిలిచి, అతడు పని ఆపిన తరువాతనే పోవాలి.

రాయి చీల్చే పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. వరుసగా బెజ్జాలు వేసి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, ఒకదాని తరువాత ఒకదానిని క్రమంగా మోదుతూ బండను చీల్చడం మన వడ్డెరలు తరతరాలుగా ఎరిగిన విద్యే. ఏ చీలనూ ఒక్కసారిగా గట్టిగా కొట్టరాదు. అన్నిటిపై సమంగా ఒత్తిడి పెంచుకొంటూ పోతే, బండ ఒక గీత వెంట తనంతతానే విచ్చుకొంటుంది. మెట్లు పేర్చడం కింది నుండి మొదలుపెట్టాలి. పై మెట్టు ముందు అంచు కింది మెట్టు వెనుక భాగంపై ఆనాలి. ఆ విధంగా ప్రతి మెట్టూ తన పైదానిని మోస్తుంది. బేర్ మౌంటెన్‌పై రాతిముందు మోకరిల్లిన న్యూయార్క్ ఉద్యోగికి, మన ఊళ్ళలో చదువుకోని పనిగా చూడబడే పనిలో ఎంత శాస్త్రమున్నదో కొన్ని గంటలలోనే తెలిసివస్తుంది.

దిక్కు తెలియడం

బాట వేసేవాడు బాట లేనిచోటికే మొదట వెళ్ళాలి. అందువల్ల దిశాజ్ఞానం ఆ శిక్షణలో విడదీయరాని భాగం. అపలేచియన్ బాట వెంట చెట్లపై రెండు అంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు గల తెల్లని రంగుపట్టెలు ఉంటాయి. ఒకదానిపై ఒకటిగా రెండు పట్టెలు కనిపిస్తే ముందు మలుపుందని గుర్తు. అయితే పొగమంచు కమ్మినప్పుడు, మంచు కురిసి చెట్ల మొదళ్ళను కప్పినప్పుడు, గుర్తున్న చెట్టే కూలినప్పుడు ఆ పట్టెలు అక్కరకు రావు. అప్పుడు పటమూ దిక్సూచీ కావాలి.

పటంలో ఒకే ఎత్తున ఉన్న స్థలాలను కలిపే గీతలను సమోన్నత రేఖలంటారు. అవి దగ్గరదగ్గరగా ఉంటే వాలు నిటారు, ఎడంగా ఉంటే నేల చదును. వాటిని చదవనేర్చినవానికి చదునైన కాగితంపై కొండలూ లోయలూ లేచి నిలబడతాయి. మనదేశంలో 1767లో ఏర్పడిన భారతీయ సర్వేక్షణ సంస్థ ఇటువంటి పటాలను తయారుచేస్తున్నది. హైదరాబాదులోని ఉప్పల్‌లో ఆ సంస్థ శిక్షణ కేంద్రం ఉంది. 1:50,000 ప్రమాణంలో ఉన్న పటంపై రెండు సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరుతో సమానం.

దిక్సూచి విషయంలో ఒక సూక్ష్మముంది. దాని సూది చూపేది అయస్కాంత ఉత్తరాన్ని. పటం నిలిచేది నిజమైన ఉత్తరంపై. ఈ రెంటి మధ్య తేడా తెలుగు ప్రాంతాలలో ఒక డిగ్రీకి అటూ ఇటూ మాత్రమే. న్యూయార్క్ ప్రాంతంలో అది పడమరగా సుమారు 13 డిగ్రీలు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా మూడు కిలోమీటర్లు నడిచినవాడు గమ్యానికి దాదాపు 680 మీటర్ల దూరంలో తేలుతాడు. అడవిలో అది చిన్న పొరపాటు కాదు.

కాలాన్ని లెక్కించడం మరొక పాఠం. స్కాట్లండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ నేర్పుతున్నారు. అయిదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా మరొక గంట కేటాయించాలన్నది దాని స్థూలరూపం. పది కిలోమీటర్లు నడిచి, 600 మీటర్లు ఎక్కవలసిన దారికి విరామాలు కాక మూడు గంటలు పడుతుంది. నవంబరులో ఆ కొండలలో సాయంత్రం నాలుగున్నర ప్రాంతానికే పొద్దు గూకుతుంది. ఈ లెక్క తెలియని ఉత్సాహవంతుడు చీకటిలో చిక్కుకొంటాడు.

దారి తప్పామని తెలిసినప్పుడు చేయవలసిన మొదటి పని నడక ఆపడం. తరువాత ఆలోచించాలి, చుట్టూ పరిశీలించాలి, ఆపైన ఒక నిర్ణయానికి రావాలి. చెప్పడానికి ఇది సులభం. భయపడిన మనిషి మాత్రం అప్రయత్నంగా మరింత వేగంగా నడుస్తాడు. బాటకు కొద్ది దూరంలోనే ఉండి కూడా, తప్పుదిశలో నడిచి ప్రాణాల మీదికి తెచ్చుకొన్నవారున్నారు. అందుకే శిక్షకులు ఈ పాఠాన్ని మాటలతో సరిపెట్టరు. విద్యార్థులకు పటమిచ్చి అడవిలో నడిపించి, ఇప్పుడు మీరెక్కడున్నారో వేలితో చూపమంటారు. చేతిఫోనులోని పటం ఉపయోగపడేదే. బ్యాటరీ అయిపోయినప్పుడు, తెర పగిలినప్పుడు కూడా దారి తెలిసి ఉండాలన్నదే వారి వాదం.

విద్యకు పరీక్ష

2024 సెప్టెంబరు చివరివారంలో హెలీన్ అనే పెనుతుఫాను అమెరికా ఆగ్నేయ ప్రాంతాన్ని ముంచెత్తింది. నార్త్ కరోలినా, టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాలలో అపలేచియన్ బాటపై లెక్కలేనన్ని చెట్లు కూలాయి. వంతెనలు కొట్టుకుపోయాయి. కొండచరియలు విరిగిపడ్డాయి. సాయం చేయాలన్న కోరిక ఎందరికో కలిగింది. అయితే అటువంటి సమయంలో రంపం పట్టుకొని అడవిలోకి పోవడం ఎవరికిబడితే వారికి తగిన పని కాదు.

కూలిన చెట్టు చూడడానికి నిర్జీవంగా పడి ఉంటుంది. రెండు కొమ్మల మధ్య వంగిన మాను ఎక్కుపెట్టిన విల్లు వంటిది. బిగువు ఎటువైపున్నదో గమనించక కోస్తే అది ఎగిరి కోసినవానినే కొడుతుంది. అందువల్లనే అమెరికా అటవీ శాఖ నేలపై రంపం వాడే స్వచ్ఛంద సేవకుడు ముందుగా శిక్షణ పొంది, యోగ్యతాపత్రం తీసుకోవాలి. 1964 నాటి వన్యప్రదేశ చట్టం వర్తించే అడవులలో సాధారణంగా మోటారు రంపం వాడకూడదు. అక్కడ ఇద్దరు చెరొక కొసనూ పట్టుకొని లాగే పాతకాలపు రంపమే శరణ్యం. ఆపద రాకముందు వారాంతపు తరగతులలో ఓపికగా కూర్చుని నేర్చుకొన్నవారే ఆపద వచ్చిన తరువాత ఆ బాటలను తెరవగలిగారు. సేవకు ముందు విద్య ఎందుకన్న ప్రశ్నకు ఆ తుఫాను సమాధానం చెప్పింది.

ఇటువంటి శిక్షణ వల్ల కలిగే లాభం కొండకే పరిమితం కాదు. వాననీటి నడకను ఒకసారి గమనించినవాడు తన వీధిలో నీరెందుకు నిలుస్తున్నదో, ఊరి చెరువుకట్ట ఎక్కడ బలహీనపడుతున్నదో కూడా గమనిస్తాడు. రాతిని ఎత్తడానికి పక్కవాని మాటకోసం ఆగడం నేర్చినవాడు నలుగురితో కలిసి పనిచేసే పద్ధతి నేర్చినవాడే. న్యాయవాదీ, కూలివాడూ ఒకే గునపానికి చెరొక చేయీ వేసినప్పుడు వారి మధ్య ఎక్కువ తక్కువలను బండ పట్టించుకోదు. సమంగా తోస్తున్నారా లేదా అన్నదే దానికి కావాలి.

బెంటన్ మెకాయ్ 96 ఏళ్ళు జీవించి 1975లో మరణించాడు. తాను కాగితంపై ఊహించిన బాటమీద లక్షల మంది నడవడం అతడు చూశాడు. ఏవరీకి అంతటి ఆయుర్దాయం లేదు, 1952లోనే కన్నుమూశాడు. వారిద్దరి పేర్లూ చరిత్రలో నిలిచాయి. ఏ వాలులో ఏ రాయిని ఎవరు కూర్చారో తెలిపే పట్టిక మాత్రం ఆ కొండలపై లేదు. కొత్తగా చేరిన సేవకునికి తొలిరోజు అప్పగించే పని కూడా తరచుగా అటువంటిదే. ఎవరో తవ్విన పల్లంలో పేరుకొన్న ఆకులూ మన్నూ ఎత్తివేసి, నీటికి దారి చేయాలి. మరునాడు వాన కురిసినప్పుడు నీరు పక్కకు మళ్ళుతుంది, బాట నిలుస్తుంది.

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానం రాయండి.
1. బేర్ మౌంటెన్ బాట చెడిపోవడానికి గల కారణాలను, దానిని పునర్నిర్మించిన తీరును వివరించండి.
2. 'స్వచ్ఛంద సేవకు సదుద్దేశం ఒక్కటే చాలదు' – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానం రాయండి.
1. కొండబాట నిర్మాణంలో నీటి ప్రవాహాన్ని దృష్టిలో ఉంచుకొని పాటించే నియమాలేవి?
2. మెకాయ్, ఏవరీల దృక్పథాలలోని భేదాన్ని తెలపండి. ఇద్దరిలో ఎవరి వాదం మీకు సమంజసంగా తోచింది? ఎందుకు?
3. దిక్సూచి వాడేవారు గుర్తుంచుకోవలసిన సూక్ష్మమేది?

ఇ. ఒక్క వాక్యంలో సమాధానం రాయండి.
1. అపలేచియన్ కాలిబాట ఏ సంవత్సరంలో పూర్తయింది?
2. సమోన్నత రేఖలు దగ్గరగా ఉంటే ఏమని గ్రహించాలి?
3. మెట్ల పేర్పు ఎక్కడి నుండి మొదలుపెట్టాలి?

ఈ. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
పర్వతారోహకుడు, సదుద్దేశం, సమోన్నత, దావానలం

ఉ. మీ ఊరిలో వర్షం కురిసినప్పుడు నీరు ఏ దారిన పోతుందో గమనించి, ఆ విశేషాలను పదిహేను వాక్యాలలో రాయండి.